700 మెగాహెర్ట్జ్ బ్యాండు ఖాళీ చేసిన తీరు: యూరప్ సరిహద్దుల నుంచి ఒక కేస్ స్టడీ

694 నుంచి 790 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండు యూరప్‌లో దశాబ్దాల పాటు టీవీ చేతిలో ఉండేది. ఛానల్‌కు (ఇక్కడ ఛానల్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ ముక్క, కార్యక్రమం కాదు) 8 మెగాహెర్ట్జ్ చొప్పున 49 నుంచి 60 దాకా మొత్తం 12 ఛానళ్లు. వాటిని దేశాలన్నీ ఖాళీ చేసి, ఒకే కొలతలతో మొబైల్‌కు అప్పగించిన పని ఈ కేసు. 2012లో జెనీవాలో బీజం పడింది. 2022 మధ్యకల్లా యూరోపియన్ యూనియన్‌లో చాలా దేశాల్లో పూర్తయింది.

పైపైన చూస్తే కనిపించేది ఒక చట్టం, ఒక గడువు, కొన్ని వేలాలు. సైట్ స్థాయికి దిగి చూస్తే, సరిహద్దుకు ఇటువైపు మొబైల్ టవర్ ఏ రోజు ఆన్ అవుతుందో తేల్చింది అటువైపు టీవీ ట్రాన్స్‌మిటర్ ఏ ఛానల్లో ఉందన్న విషయమే. ఆ లెక్క ముందే కుదుర్చుకున్న చోట వేలం ముగిసిన కొద్ది నెలలకే బ్యాండు చేతికొచ్చింది. కుదరని చోట ఏళ్లు పట్టింది. ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ప్లానింగ్, స్పెక్ట్రమ్ విధానం చూసే మన ఇంజనీర్లకు ఈ కేసులో పనికొచ్చే సరుకంతా ఆ లెక్కలోనే ఉంది. మనకు ఢిల్లీలో టెలికాం శాఖకు చెందిన ఒకే డబ్ల్యూపీసీ (స్పెక్ట్రమ్ అనుమతుల) విభాగం దేశమంతటికీ లైసెన్సులిస్తుంది కాబట్టి ఇంతమంది పొరుగువాళ్లతో ఒకేసారి బేరం కుదుర్చుకోవలసిన అవసరం మనవాళ్లకు పెద్దగా రాలేదు.

నిర్ణయం ఏ మెట్ల మీదుగా దిగింది

అన్నిటికన్నా పైమెట్టు ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికాం సంఘం. 2012 ప్రపంచ రేడియో సదస్సు ఒకటో రీజియన్‌లో, అంటే యూరప్, ఆఫ్రికా, మధ్యప్రాచ్యాలలో, ఈ బ్యాండును టీవీతో సమాన హోదాలో మొబైల్‌కూ కేటాయించింది. 2015 సదస్సు ముగిశాక అది అమల్లోకి వచ్చింది. కింది అంచు 694 అని ఖరారైంది కూడా 2015లోనే. దాని కిందిమెట్టు సీఈపీటీ: నలభైకి పైగా యూరప్ దేశాల టెలికాం, పోస్టల్ శాఖల కూటమి. స్విట్జర్లాండ్, టర్కీ, ఉక్రెయిన్ వంటి యూనియన్ బయటి దేశాలూ ఇందులో ఉన్నాయి. సాంకేతిక పని జరిగేది ఇక్కడే, అయితే దీని నిర్ణయాలు స్వచ్ఛందం. వాటిని యూనియన్ సభ్యదేశాల మీద తప్పనిసరి చేసే దారి 2002 నాటి రేడియో స్పెక్ట్రమ్ డెసిషన్‌లో ఉంది. యూరోపియన్ కమిషన్ సీఈపీటీకి ఒక పని అప్పగిస్తుంది, సీఈపీటీ నివేదిక ఇస్తుంది, దాని ఆధారంగా కమిషన్ కట్టుబడి తీరవలసిన నిర్ణయం జారీ చేస్తుంది.

700 విషయంలో ఆ సాంకేతిక నిర్ణయం 2016 ఏప్రిల్ 28న వచ్చిన 2016/687. తేదీలు పెట్టింది 2017 మే 17 నాటి 2017/899. ఇందులోని తేదీలను వరుసగా చదివితే రాసినవాళ్లకు పని తెలుసని అర్థమవుతుంది. సరిహద్దు ఒప్పందాలు 2017 డిసెంబరు 31కల్లా కుదరాలి, జాతీయ కార్యాచరణ పత్రం 2018 జూన్ 30కల్లా రావాలి, మొబైల్‌కు అనుమతి 2020 జూన్ 30కల్లా ఇవ్వాలి. తగిన కారణం చూపిస్తే రెండేళ్ల వరకు వాయిదా. సరిహద్దు ఒప్పందాన్ని జాతీయ పత్రం కన్నా ముందు పెట్టడమే ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైన అంశం. పొరుగుదేశంతో తేలకుండా రాసుకున్న జాతీయ ప్రణాళిక సరిహద్దు జిల్లాల్లో చెల్లదు. టీవీ పక్షానికి ప్రతిగా దక్కింది 470 నుంచి 694 వరకు కనీసం 2030 దాకా భద్రత. ఈ రాజీ రూపురేఖలు 2014లో డబ్ల్యూటీఓ మాజీ అధిపతి పాస్కల్ లామీ యూరోపియన్ కమిషన్‌కు ఇచ్చిన నివేదికలోనివే.

బ్యాండును కోసిన విధం

అప్‌లింకుకు (ఫోన్ నుంచి టవర్‌కు) 703–733, డౌన్‌లింకుకు (టవర్ నుంచి ఫోన్‌కు) 758–788. ఒక్కొక్కటి 30 మెగాహెర్ట్జ్, 5 మెగాహెర్ట్జ్ బ్లాకులుగా ఆరు జతలు. ఒక జతలోని అప్‌లింకు, డౌన్‌లింకు ఫ్రీక్వెన్సీల మధ్య దూరం 55 మెగాహెర్ట్జ్. 694–703 గార్డ్ బ్యాండు, అంటే టీవీకీ మొబైల్‌కూ మధ్య రక్షణగా వదిలిన ఎడం. మధ్యలో మిగిలే 738–758ని ఏ దేశానికి ఆ దేశం అదనపు డౌన్‌లింకుకు వాడుకోవచ్చు. పోలీసు, ఫైర్ సర్వీసుల బ్రాడ్‌బ్యాండుకు 698–703తో 753–758, 733–736తో 788–791 జతలను ఐచ్ఛికంగా ఉంచారు.

అప్‌లింకు కిందికి ఎందుకొచ్చింది? అంతకుముందు ఖాళీ చేసిన 800 బ్యాండులో ఇది తలకిందులుగా ఉంది: 791–821 డౌన్‌లింకు, 832–862 అప్‌లింకు. అక్కడ టీవీకీ మొబైల్‌కూ మధ్య 1 మెగాహెర్ట్జ్ మాత్రమే ఎడం కాబట్టి, ఎక్కడుంటాయో తెలియని ఫోన్లకన్నా స్థిరంగా ఉండే బేస్ స్టేషన్‌ను టీవీ పక్కన పెట్టడం మేలనుకున్నారు. దాని ఫలితంగా 800 డౌన్‌లింకు 791 దగ్గర కూర్చుంది. ఇప్పుడు 700లో కూడా అదే వరుస పాటిస్తే 700 అప్‌లింకు 800 డౌన్‌లింకుకు ఆనుకుని ఉంటుంది. ఒకే టవర్ మీద 791లో పదుల వాట్లు పంపే ట్రాన్స్‌మిటర్, దాని పక్కనే అత్యంత బలహీనమైన సిగ్నల్ వినవలసిన రిసీవర్. అందుకే మామూలు వరుసకు వచ్చారు, డౌన్‌లింకు పక్కన డౌన్‌లింకు ఉండేలా. దానికి చెల్లించిన మూల్యం కింద ఫోన్లు టీవీకి పొరుగున చేరడం. ఆ బాధను 9 మెగాహెర్ట్జ్ గార్డ్ బ్యాండు, ఫోన్ మీద పెట్టిన పరిమితి కలిసి మోస్తున్నాయి. 694కు కింద ఫోన్ నుంచి చిందే శక్తి 8 మెగాహెర్ట్జ్‌కు మైనస్ 42 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్లలో చెప్పే కొలత) దాటకూడదు. బేస్ స్టేషన్‌కైతే, టీవీకి రక్షణ ఉన్న చోట, సెల్‌కు మైనస్ 23 డీబీఎం.

రెండో కారణం ఫోన్ల మార్కెట్. ఆసియా–పసిఫిక్ దేశాల బ్యాండ్ 28 ప్లాన్ 703–748, 758–803. ఒక్కో వైపు 45 మెగాహెర్ట్జ్, మధ్య ఖాళీ 10 మాత్రమే. ఫోన్‌లో ఇమిడే ఒక్క ఫిల్టర్‌తో ఇంత వెడల్పును ఇంత ఇరుకు ఖాళీతో విడదీయడం కష్టం. అందుకని 30 చొప్పున ఒకదానిపై ఒకటి కొంత కమ్ముకునే రెండు డ్యూప్లెక్సర్లు (పంపే, అందుకునే సిగ్నళ్లను విడదీసే ఫిల్టర్లు) పెడతారు: 703–733కు ఒకటి, 718–748కు ఇంకొకటి. యూరప్ ఎంచుకున్న ముక్క సరిగ్గా మొదటి డ్యూప్లెక్సర్. జియో 2022 వేలంలో దేశమంతటా కొన్న 700 కూడా ఈ కుటుంబంలోదే. హైదరాబాద్‌లో కొన్న ఎన్28 (5జీలో బ్యాండ్ 28 పేరు) ఫోన్ పారిస్‌లో 700 మీద పనిచేయడానికి హార్డ్‌వేర్ అడ్డు రాకపోవడం ఈ ఎంపిక పుణ్యమే. యూరప్ కోసమే చేసిన మోడెమ్‌లు, ఐఓటీ పరికరాలు ఇక్కడికి తెప్పించుకునేవాళ్లు మాత్రం రెండో డ్యూప్లెక్సర్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే 733కు పైన అప్‌లింకు పనిచేయదు.

టీవీని కిందికి జరిపిన గొలుసు

కష్టమంతా ఇక్కడుంది. యూరప్ డిజిటల్ టీవీ ప్లాన్ 2006లో జెనీవాలో కుదిరిన జీఈ06 ఒప్పందం. యూహెచ్ఎఫ్ అనే టీవీ ఫ్రీక్వెన్సీల శ్రేణిలో 21 నుంచి 69 వరకు 49 ఛానళ్లు, వాటితో చాలా దేశాలకు ఏడు పొరలు. దేశమంతటా అందే ఒక్కో ప్రసారం ఒక పొర. అంటే పొరకు సుమారు ఏడు ఛానళ్లు. పక్కపక్క ప్రాంతాలు, పక్కపక్క దేశాలు ఒకే ఛానల్ వాడలేవు కాబట్టి అంత ఖర్చవుతుంది. 800, 700 రెండూ పోయాక మిగిలింది 21 నుంచి 48 వరకు 28 ఛానళ్లు. అదే నిష్పత్తిలో నాలుగు పొరలు.

సామర్థ్యం పోకుండా కాపాడింది డిజిటల్ టీవీ ప్రసారానికి రెండో తరం ప్రమాణమైన డీవీబీ–టీ2. పాత డీవీబీ–టీలో ఒక మల్టీప్లెక్స్‌కు (ఒకే ఛానల్లో కలిపి పంపే కార్యక్రమాల కట్టకు) సెకనుకు 24.1 మెగాబిట్లు పంపే చోట, రూఫ్ యాంటెన్నా ఆధారంగా ప్లాన్ చేసిన టీ2లో 40.2 పంపవచ్చు. ఏడు పాత పొరలకు 168.7, నాలుగు కొత్త పొరలకు 160.8. పైగా వీడియోను కుదించే కోడింగ్ ఎంపెగ్–4కో హెచ్ఈవీసీకో మారితే అదే బిట్‌రేటులో పట్టే కార్యక్రమాలు పెరుగుతాయి. ఇంటి లోపలి చిన్న యాంటెన్నాకు కూడా అందాలనుకునే దేశం ఇంకా గట్టి మోడ్ వాడాలి, అప్పుడు 40 రాదు. జర్మనీ 2017 మార్చి 29న టీ2, హెచ్ఈవీసీ కలిపి మొదలుపెట్టింది. ఫ్రాన్స్ ట్రాన్స్‌మిషన్ ప్రమాణం ముట్టుకోకుండా 2016 ఏప్రిల్ 5న మొత్తం ఎంపెగ్–4కు మారింది. రెండూ పనిచేశాయి. ఫ్రాన్స్ దారిలో ప్రేక్షకుల ఖర్చు తక్కువ, జర్మనీ దారిలో తర్వాతి పదేళ్లకు చోటు ఎక్కువ.

28 ఛానళ్లను మళ్లీ పంచడం ఏ ఒక్క దేశమూ తనంతట తాను చేయలేని పని. బ్రిటన్ దక్షిణ తీరంలో ఒక ట్రాన్స్‌మిటర్ 50 నుంచి 35కు దిగాలంటే ఎదుటి ఫ్రెంచి తీరంలో 35 ఖాళీ కావాలి. ఆ ఫ్రెంచి స్టేషన్ వెళ్లే చోటు బెల్జియంకు తగలకూడదు, బెల్జియం మార్పు నెదర్లాండ్స్‌కు తగలకూడదు. ఇవి వివరణకు తీసుకున్న ఛానల్ నంబర్లే అయినా గొలుసు స్వభావం ఇదే. అందుకే ద్వైపాక్షిక చర్చలు వదిలి గుంపులుగా కూర్చున్నారు: పశ్చిమాన వెడ్డిప్, ఈశాన్యాన నెడ్డిఫ్, ఆగ్నేయాన సెడ్డిఫ్.

బల్ల మీద జరిగే పని వరుస ఇది. ప్రతి దేశం ట్రాన్స్‌మిటర్ వారీగా జాబితా పెడుతుంది: స్థలం, యాంటెన్నా నుంచి వెలువడే ప్రభావ శక్తి (ఈఆర్‌పీ), పోలరైజేషన్ (తరంగం నిలువా అడ్డమా అన్నది), యాంటెన్నా ఎత్తు, పది డిగ్రీలకొకటి చొప్పున 36 దిక్కుల్లో ఎంత తగ్గించి పంపుతుందో ఆ విలువలు. అందరూ ఒకే నమూనాతో, సాధారణంగా ఐటీయూ వారి పి.1546తో, 10 మీటర్ల ఎత్తులో ఫీల్డ్ స్ట్రెంత్ (ఆ చోట సిగ్నల్ బలం) లెక్కిస్తారు. మనకు కావలసిన సిగ్నల్‌ను సగం సమయానికి, అవతలి నుంచి వచ్చే అంతరాయాన్ని ఒక శాతం సమయానికి తీసుకుంటారు. ఈ ఒక శాతం సమయపు అంతరాయం సముద్రం మీద విపరీతంగా పెరుగుతుంది, వేసవిలో వేడి గాలి పొర కింద తరంగాలు వందల కిలోమీటర్లు జారిపోతాయి కాబట్టి. తర్వాత ఛానల్ పట్టిక, సంతకాలు, చివరికి జీఈ06 ప్లాన్ మార్పుగా ఐటీయూకు నివేదన. ఆ నివేదన వాయిదా వేస్తే కొత్త ఛానల్‌కు అంతర్జాతీయ రక్షణ ఉండదు. సంతకమైంది కదా అని ఊరుకోవడం ప్రమాదం.

ఏ ఛానల్ ముందు ఖాళీ కావాలన్నది అంకెల్లోనే ఉంది. 50 (702–710) నుంచి 53 (726–734) వరకు నాలుగు ఛానళ్లు అప్‌లింకు మీద పడతాయి. 57 (758–766) నుంచి 60 దాకా డౌన్‌లింకు మీద. 54, 55, 56 మధ్య ఖాళీలో, 49 గార్డ్ బ్యాండులో. పొరుగుదేశం అన్నీ ఒకేసారి వదలలేనంటే ముందు 50–53 వదలమనాలి. టవర్ పైనున్న యాంటెన్నాకు దూరం నుంచి వచ్చే టీవీ సిగ్నల్ బాగా అందుతుంది, భూమికి మీటరున్నర ఎత్తులో చేతిలో ఉన్న ఫోన్‌కు అంతగా అందదు.

లెక్క వేసి చూద్దాం. 718 మెగాహెర్ట్జ్ దగ్గర టీవీ ఫీల్డ్ 50 డీబీ మైక్రోవోల్ట్/మీటరు, బేస్ స్టేషన్ యాంటెన్నా గెయిన్ 15 డీబీఐ అనుకుంటే, అందే శక్తి 50 – 57.1 – 77.2 + 15 (57.1 ఫ్రీక్వెన్సీ లెక్క, 77.2 యూనిట్ల మార్పిడి), అంటే సుమారు మైనస్ 69 డీబీఎం. అది 8 మెగాహెర్ట్జ్‌లో. మన 5 మెగాహెర్ట్జ్ బ్లాకులో మైనస్ 71. రిసీవర్ సొంత రొద, నాయిస్ ఫిగర్ (రిసీవర్ తానే కలిపే రొద) 5 డీబీ అనుకుంటే, మైనస్ 102. ఏకంగా 30 డీబీ పైన కూర్చుంది. ఆ సెక్టారులో డౌన్‌లింకు బలంగానే ఉంటుంది, ఫోన్‌లో గీతలన్నీ కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. ఈ లక్షణం చూస్తే ముందు అప్‌లింకు రొద కౌంటర్లు తీసి, ఏ అజిముత్ (దిక్కు) వైపు పెరిగిందో చూడాలి. అది దాదాపు ఎప్పుడూ ఒక పొరుగు ట్రాన్స్‌మిటర్ దిశకు సరిపోతుంది.

మొబైల్‌కు మొబైల్ ఎదురైనప్పుడు

రెండు దేశాలూ టీవీని ఖాళీ చేశాక ఒకే బ్లాకును ఇద్దరు ఆపరేటర్లు సరిహద్దుకు ఇరువైపులా వాడతారు. దీనికి సీఈపీటీ 15(01) సిఫారసులో సూత్రం ఉంది. ఎల్‌టీఈలో (4జీలో) సెల్ గుర్తింపు సంఖ్యలు, పీసీఐలు, 504. వాటిని 84 చొప్పున ఆరు గుంపులు చేశారు. రెండు దేశాల సరిహద్దులో చెరి మూడు గుంపులు, మూడు దేశాలు కలిసే చోట తలా రెండు. తనకు దక్కిన గుంపులోని సంఖ్య వాడే సెల్, 3 మీటర్ల ఎత్తులో 5 మెగాహెర్ట్జ్‌కు, సరిహద్దు గీత మీద 59 డీబీ మైక్రోవోల్ట్/మీటరు, లోపలికి 6 కిలోమీటర్ల దగ్గర 41 దాటకపోతే పొరుగువాళ్లను అడగనక్కరలేదు. అవతలివాళ్ల సంఖ్య వాడితే గీత మీదే 41. పీసీఐ తప్పు పడితే 18 డీబీ పోయినట్టే. ఆటోమేటిక్ పీసీఐ కేటాయింపు సాఫ్ట్‌వేర్‌కు ఈ సరిహద్దు పట్టిక ఎక్కించకపోతే ఒక్క రాత్రి ఆప్టిమైజేషన్‌లో ఇదంతా చెదిరిపోతుంది. ఇది తరచూ జరిగేదే.

రెండు పరిమితుల్లో ఏది కరుస్తుందో కొత్త ప్లానర్లు సరిగా ఊహించరు. సరిహద్దును ఆనుకుని ఉన్న సైటే ప్రమాదమనిపిస్తుంది. దూరంతో 35 లాగ్ చొప్పున, అంటే దూరం పది రెట్లయితే 35 డీబీ, నష్టం పెరుగుతుందనుకుందాం. సరిహద్దుకు 1 కిలోమీటరు ఇవతల ఉన్న సైటు సిగ్నల్ గీత నుంచి 6 కిలోమీటర్ల లోపలికి వెళ్లేసరికి సుమారు 30 డీబీ పడిపోతుంది. అవసరమైన 18 కన్నా చాలా ఎక్కువ. అదే 5 కిలోమీటర్ల ఇవతలి సైటుకు తగ్గేది 12 డీబీయే. కాబట్టి దాన్ని గీత మీద 59 కాదు, 53కు కుదించాలి. ఈ రెండు పరిమితులూ సమానమయ్యే దూరం సుమారు 2.6 కిలోమీటర్లు. అంతకన్నా వెనకున్న సైటుకు ఎప్పుడూ రెండో పరిమితే అడ్డు. కొండ మీది సైటుకు నష్టం ఇంకా నెమ్మదిగా పెరుగుతుంది, కనుక మరీ అడ్డు. పవర్ తగ్గించే ముందు యాంటెన్నాను ఇంకాస్త కిందికి వంచి (టిల్ట్) చూడాలి, అది చాలకపోతే అజిముత్ తిప్పాలి. పవర్ తగ్గిస్తే సొంత ఊళ్ల కవరేజీ కూడా పోతుంది.

జారిన చోట్లు

ఇటలీలో స్థానిక టీవీ స్టేషన్లు చాలా ఎక్కువ. యూహెచ్ఎఫ్‌లో దాదాపు అన్ని ఛానళ్లూ నిండిపోయి ఉండేవి. స్లొవేనియా, క్రొయేషియా, మాల్టాలు ఏళ్ల తరబడి అంతరాయం గురించి ఫిర్యాదు చేస్తూ వచ్చాయి. మధ్యలో ఏడ్రియాటిక్, మధ్యధరా సముద్రాలు. పైన చెప్పిన ఒక శాతం సమయపు లెక్క అక్కడ వేసవి అంతా నిజమై కూర్చుంటుంది. సభ్యదేశాల స్పెక్ట్రమ్ అధికారుల బృందం, ఆర్ఎస్‌పీజీ, మధ్యవర్తిగా కూర్చోవలసి వచ్చింది. ఇటలీ 2018లోనే 700ను వేలం వేసినా ఆపరేటర్లకు అది దక్కే తేదీ 2022 జూలై 1గా పెట్టింది. ఛానళ్ల మార్పు 2021 నవంబరులో సార్డీనియాతో మొదలై 2022 జూన్ 30న ముగిసింది. రెండేళ్ల వాయిదా వెసులుబాటు మొత్తం వాడుకున్నా, తేదీని వేలం పత్రంలోనే రాసి ఇవ్వడం మంచి పని. కొన్నవాళ్లు ధర కట్టుకునేటప్పుడే ఆ ఆలస్యాన్ని లెక్కలో వేసుకోగలిగారు.

తూర్పు అంచున సమస్య వేరు. రష్యాతో పాటు కొన్ని పొరుగు దేశాల్లో 645–862లో విమానాల రేడియో నావిగేషన్ వ్యవస్థలకు అంతర్జాతీయ నిబంధనల్లోనే చోటుంది. 10 కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి 30 మీటర్ల టవర్ 430 కిలోమీటర్ల దాకా రేడియో చూపులో ఉంటుంది. ఆ దూరానికి కొండలు, భవనాలు అడ్డురావు. పోలండ్, బాల్టిక్ దేశాల ఆలస్యానికి తూర్పు పొరుగుదేశాలతో సర్దుబాటు తేలకపోవడం ముఖ్య కారణం. యూనియన్ బయటి దేశంతో సమస్య తేలేదాకా ఆ ప్రాంతాల్లో సభ్యదేశానికి గడువు వర్తించకుండా చట్టంలోనే ఒక వాక్యం పెట్టారు.

ఇళ్లలో జరిగింది చిన్న విషయంగా కనిపిస్తుంది, ఫిర్యాదుల కౌంటర్ దగ్గర అదే పెద్దది. రూఫ్ మీది టీవీ యాంప్లిఫయర్లు 790కో 862కో పాస్ అయ్యేలా చేసినవి. దగ్గర్లో 758–788లో బేస్ స్టేషన్ వెలిగితే యాంప్లిఫయర్ ఓవర్‌లోడయి కింది ఛానళ్లూ చెడతాయి. టీవీ చూసేవాడికి 30వ ఛానల్లోని కార్యక్రమం ఎందుకు ముక్కలవుతోందో అర్థం కాదు. మందు 694 దగ్గర కోసే ఫిల్టర్. దాన్ని యాంప్లిఫయర్‌కు ముందు, అంటే యాంటెన్నా వైపు పెట్టాలి. టీవీ వెనక పెడితే అప్పటికే చెడిపోయిన సిగ్నల్‌ను వడకట్టినట్టవుతుంది. బ్రిటన్‌లో ఇంకో తంటా: అక్కడ యాంటెన్నాలు గుంపుల వారీగా అమ్మేవారు. 48–68కి చేసిన సీ/డీ రకం యాంటెన్నా ఉన్న ఇంటికి ట్రాన్స్‌మిటర్ 40 కిందికి దిగితే రీట్యూన్ చేసినా లాభం లేదు, యాంటెన్నానే మార్చాలి. ఈ ఇళ్లను ముందే లెక్కపెట్టి బడ్జెట్‌లో పెట్టుకోవాలి.

ట్రాన్స్‌మిటర్ వైపు ఖర్చు ఎక్కువగా కంబైనర్ (పలు ట్రాన్స్‌మిటర్లను ఒకే యాంటెన్నాకు కలిపే పరికరం), ఛానల్ ఫిల్టర్ల దగ్గర. తాత్కాలిక ఛానల్‌కు ఒకసారి, శాశ్వత ఛానల్‌కు మరోసారి మారిన సైట్లు ఈ ఖర్చు రెండుసార్లు భరించాయి. పొరుగుదేశం తేదీతో ఒక్క ఏడాది తేడా ఉంటే ఈ రెండో మార్పు తప్పదు, కాబట్టి ఒప్పందంలో ఛానల్ నంబరు పక్కనే తేదీ కూడా ఉండాలి.

ఈ అనుభవాన్ని 3.4–3.8 గిగాహెర్ట్జ్‌కు తీసుకెళ్లేవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. 700లో అప్‌లింకు, డౌన్‌లింకు వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, కాబట్టి ఇరుదేశాల టవర్లు ఒకదాన్నొకటి నేరుగా చెడగొట్టవు. 3.5లో రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో సమయం పంచుకుంటాయి. ఒకడు పంపుతుండగా పొరుగువాడు వింటుంటే టవర్‌కు టవర్ నేరుగా తగులుతుంది. అక్కడ సరిహద్దు ఒప్పందంలో ఫీల్డ్ పరిమితితో పాటు గడియారం, ఫ్రేమ్ నిర్మాణం కూడా రాసుకోవాలి. ఎల్‌టీఈకి సరిపడే 5 మిల్లీసెకన్ల ఫ్రేమా, 5జీకి అనువైన 2.5 మిల్లీసెకన్ల ఫ్రేమా అన్నది ఇరువైపులా ఒకటి కాకపోతే, సరిహద్దు వెంట కొన్ని డౌన్‌లింకు స్లాట్లలో ట్రాన్స్‌మిటర్‌ను మూసి ఉంచవలసి వస్తుంది.